కుటుంబంతో బయట భోజనానికి వెళ్లినప్పుడు ఎంత మెలకువగా ఉండాలి?

వెన్నెలదారి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, చేతికర్ర లేనిదే అడుగు వేయలేని మా అత్తగారు ఉన్నారు. అందరం కలిసి బయట భోజనానికి వెళ్లినప్పుడల్లా నాకూ మావారికీ ఒకే విషయం మీద మాటామాటా వస్తోంది. లోపలికి వెళ్లగానే తలుపులు ఎక్కడున్నాయో, పక్క టేబుళ్ల దగ్గర ఎవరున్నారో, పిల్లలు ఎటు వెళ్తే నా కంటికి ఆనరో చూసుకోవడం నా అలవాటు. ప్రశాంతంగా నాలుగు ముద్దలు తిందామని వచ్చినచోట ఈ గుబులు ఎందుకని ఆయన అంటారు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. నేను అదేపనిగా చుట్టూ చూస్తుంటే పిల్లలు నా ముఖం వంక చూసి బిక్కచచ్చిపోతున్నారని ఈమధ్య గమనించాను. అయితే తమను తాము కాపాడుకోలేని ముగ్గురిని వెంటబెట్టుకుని, ముక్కూ ముఖమూ తెలియని మనుషులతో నిండిన హాల్లో కూర్చున్నప్పుడు, ఏమీ పట్టనట్టు ఫోనులో తల దూర్చి కూర్చోవడం కూడా నా మనసుకు సమ్మతంగా లేదు.

అసలు ఏం చూసుకోవాలి, ఎంతసేపు చూసుకోవాలి, చూసుకున్నాక ఆ సంగతి పక్కన పెట్టి భోజనం మీద ఎలా మనసు పెట్టాలి అన్నది నా ప్రశ్న. ఈ విషయంలో పని అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

మూడోమెట్టు

వెన్నెలదారి గారూ, నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే మొదలుపెడతాను. మీరు తలుపులు చూసుకోవడం గుబులు కాదు, అవసరం. మనిషికి ప్రమాద సమయంలో గుర్తొచ్చేది తాను లోపలికి వచ్చిన దారి ఒక్కటే. వందమంది ఉంటే వందమందికీ అదే గుర్తొస్తుంది కాబట్టి అందరూ ఆ తలుపు మీదే పడతారు. 1942 నవంబరు 28న బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడినప్పుడు 492 మంది చనిపోయారు. ముఖద్వారం గుండ్రంగా తిరిగే తలుపు కావడంతో జనం ఒత్తిడికి అది బిగుసుకుపోయింది. పక్క తలుపులు కొన్ని తాళం వేసి ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి కావడంతో వెనుక నుంచి తోసుకొస్తున్న మనుషుల మధ్య వాటిని తెరవడానికి వీలు లేకపోయింది. ఇలాంటి చోట్ల తలుపులు బయటికి తెరుచుకునేలా ఉండాలనీ, తిరిగే తలుపుకు పక్కనే మామూలు తలుపు కూడా ఉండాలనీ నిబంధనలు గట్టిపడింది ఆ తరువాతే. అంత జరిగాక కూడా, 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలాండ్‌లోని వెస్ట్ వార్విక్‌లో మరో నైట్‌క్లబ్బు కాలిపోయినప్పుడు, వేరే తలుపులు ఉన్నా ఎక్కువమంది ముందు తలుపు వైపే పరుగెత్తారు. రెండు నిమిషాలైనా గడవకముందే అక్కడ మనుషులు ఒకరి మీద ఒకరు పడిపోయి దారి మూసుకుపోయింది. నూరుమంది చనిపోయారు.

అందుచేత కూర్చునే ముందు రెండో దారి ఏదో చూసుకోండి. చూసుకోవడమంటే తలుపు మీద వెలిగే అక్షరాలను చూసి సరే అనుకోవడం కాదు. ఆ తలుపు ముందు ఏముందో చూడండి. తనిఖీలకు వెళ్లినప్పుడు నేను ఎక్కువగా చూసిన దృశ్యం ఒకటే: తలుపుకు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చిన అదనపు కుర్చీలు, వాటి పక్కన మడిచి నిలబెట్టిన బల్ల, తలుపు గడియకు చుట్టిన గొలుసు. కుర్చీలు అడ్డున్న తలుపు కనిపిస్తే దాన్ని తలుపుగా లెక్కపెట్టకండి. ఇంకో దారి వెతుక్కోండి, లేదా మేనేజరును పిలిచి ఆ కుర్చీలు తీయించమని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకు ఉంది. వంటగదికి చాలా చోట్ల సరుకులు దింపుకునేందుకు వెనుక వైపు తలుపు ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. మంటలు వంటగదిలోనే మొదలైతే మాత్రం అటు వెళ్లకూడదు.

సరళరేఖ

మూడోమెట్టు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. జీవితమంతా హోటళ్లలో తిన్నవారిలో ఎంతమంది అగ్నిప్రమాదాన్ని కళ్లారా చూసి ఉంటారు? ఎప్పుడో జరిగే పెద్ద ఉపద్రవాన్ని మనసులో పెట్టుకుని కూర్చుంటే, ప్రతివారమూ ఎక్కడో ఒకచోట జరిగే చిన్న ప్రమాదాలు కళ్ల ముందే జారిపోతాయి. పాప కాళ్ల సందుల్లోంచి దూరి కనబడకుండా పోవడం, వేడి గిన్నె ఒలకడం, కుర్చీకి తగిలించిన సంచి మాయమవడం, పెద్దవాళ్లు తడి నేల మీద జారడం, ముద్ద గొంతుకు అడ్డం పడడం వంటివి ఎవరికైనా జరిగేవి. వాటి గురించి మాట్లాడకుండా తలుపుల గురించి మాట్లాడితే వెన్నెలదారి గారి భర్త అన్న మాటే నిజమవుతుందేమో.

ఇంకొక మాట కూడా ఉంది. కుటుంబంతో భోజనానికి వెళ్లేది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడానికి. తల్లి కళ్లు ఎప్పుడూ తలుపు మీదే ఉంటే, పిల్లలకు ఆ భోజనం తాలూకు జ్ఞాపకం ఏం మిగులుతుంది?

ఊదాచీర

నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సును. సరళరేఖ గారు చెప్పిన చిన్న ప్రమాదాల్లో ఒకటి చిన్నది కాదని చెప్పడానికే రాస్తున్నాను.

ముద్ద గొంతుకు అడ్డం పడిన మనిషి సినిమాల్లో చూపించినట్టు పెద్దగా దగ్గుతూ, చేతులు కొట్టుకుంటూ అందరి దృష్టినీ ఆకర్షించడు. గాలి పూర్తిగా ఆగిపోతే దగ్గు రాదు, మాట రాదు, శబ్దమే ఉండదు. ముఖంలో ఒక రకమైన ఆశ్చర్యం కనిపిస్తుంది, చెయ్యి గొంతు దగ్గరికి పోతుంది, కళ్లు పెద్దవవుతాయి, పెదవుల చుట్టూ రంగు మారుతుంది. చాలామంది ఆ స్థితిలో చేసే పని, పదిమంది ముందు అభాసుపాలు కాకూడదని లేచి వాష్‌రూమ్ వైపు వెళ్లిపోవడం. అక్కడ తలుపు వేసుకున్నాక కాపాడేవారు ఉండరు. హోటళ్లలో హఠాత్తుగా కుప్పకూలినవారికి గుండెపోటు వచ్చిందని పూర్వం అనుకునేవారు; 1963లో అమెరికాలో ఒక వైద్యుడు అలాంటి మరణాలను పరిశీలించి, గొంతులో ఆహారం ఇరుక్కుని చనిపోయినవారినే గుండెపోటు ఖాతాలో వేస్తున్నారని రాశారు. కాబట్టి మీ టేబుల్ దగ్గర తింటూ తింటూ మాట ఆపి ఎవరైనా చప్పున లేచి వెళ్తే, ముఖ్యంగా పెద్దవాళ్లయితే, వెంటనే వెనకాల వెళ్లండి. ‘మాట్లాడగలరా?’ అని అడగండి. మాట్లాడగలిగినా, గట్టిగా దగ్గగలిగినా దగ్గనివ్వండి, వీపు మీద చరచకండి. మాట రాకపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకూడదు: మనిషిని ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో ఐదుసార్లు గట్టిగా చరచండి. ఫలితం లేకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. ముద్ద బయటపడేదాకా, లేదా మనిషి స్పృహ కోల్పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండాలి. ఈలోగా ఇంకొకరు అత్యవసర సేవలకు ఫోను చేయాలి. స్పృహ పోతే నేల మీద పడుకోబెట్టి గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. గర్భిణులకు కడుపు మీద కాకుండా ఛాతీ మీద నొక్కాలి. ఏడాది నిండని పసిపిల్లలకు కడుపు మీద అసలు నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదుసార్లు చరచడం, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కడం చేయాలి. కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, అది ఇంకా లోపలికి పోతుంది. కడుపు మీద నొక్కి కాపాడినవారిని ఆ తరువాత తప్పనిసరిగా వైద్యునికి చూపించాలి, ఎందుకంటే లోపలి అవయవాలకు దెబ్బ తగిలి ఉండవచ్చు.

ఇది చదివి నేర్చుకునేది కాదు. ఇంట్లో ఒక్కరైనా ప్రథమ చికిత్స శిక్షణకు వెళ్లి బొమ్మ మీద చేసి చూడాలి.

కాలిన గాయాల సంగతి కూడా చెప్పి ఆపుతాను. అరవై డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లు ఐదు సెకన్లలో పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చగలవు. పిల్లల చర్మం పలచన కాబట్టి ఇంకా తక్కువ సమయం చాలు. సర్వర్ తెచ్చే పొగలు కక్కే పాత్ర పిల్లల తల మీదుగా రాకూడదు. మీరు పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని వేడి పానీయం తాగకూడదు. టేబుల్ మీద పరిచిన గుడ్డ అంచు పిల్లల చేతికి అందకూడదు, ఎందుకంటే వాళ్లు లాగేది గుడ్డనే అయినా మీద పడేది దాని పైన ఉన్నదంతా. పొరపాటున ఒలికితే తడిసిన బట్ట వెంటనే తీసేసి, చర్మానికి అంటుకుపోయి ఉంటే మాత్రం అలాగే ఉంచి, పారే చల్లని కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచండి. ఐసు వద్దు, నూనె వద్దు, పేస్టు వద్దు.

వెన్నెలదారి

ఊదాచీర గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. ఆయన మాట్లాడకుండా విని, శిక్షణ ఎక్కడ ఇస్తారో కనుక్కుందామన్నారు. ఇప్పుడు కూర్చునే తీరు గురించి చెప్పగలరా? అత్తగారిని ఎప్పుడూ గోడ పక్కన మూలకు, అంటే ఎవరూ తగలని చోట కూర్చోబెడుతున్నాం. అది సరైనదేనా?

నడకదారి

సరైనది కాదనే నా అభిప్రాయం. చేతికర్రతో నడిచేవారిని మూలలో కూర్చోబెడితే వారికి ప్రశాంతంగానే ఉంటుంది కానీ, లేవాల్సి వస్తే మిగతా అందరూ లేచి కుర్చీలు జరిపితే తప్ప వారు కదలలేరు. వాష్‌రూముకు వెళ్లాలన్నా ఇబ్బందిపెడుతున్నామేమోనని ఓర్చుకుని కూర్చుంటారు. వారిని టేబుల్ చివర, నడిచే దారి వైపున కూర్చోబెట్టండి. కర్ర నేల మీద పడేయకుండా కుర్చీ చేతికి తగిలించండి, లేదంటే సర్వర్లు దానికి తట్టుకుంటారు. చేతులున్న కుర్చీ ఇమ్మని అడిగితే వారికి లేవడం తేలికవుతుంది. గోడ వైపు మూలలో ఉండాల్సింది పాప. పాప బయటికి రావాలంటే ఒక పెద్దవారిని దాటుకుని రావాలి, అదే మీకు కావలసింది.

గోడకు వీపు ఆనించి తలుపును చూస్తూ కూర్చోవాలని చాలాచోట్ల చెబుతారు. దానికోసం పట్టుబట్టనక్కర్లేదు. ఇద్దరు పెద్దవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి వెనుక జరిగేది ఇంకొకరికి కనిపిస్తుంది. మాట్లాడుకుంటూనే ఇద్దరూ మొత్తం హాలును చూస్తారు. వెన్నెలదారి గారూ, మీకు బరువుగా అనిపించడానికి కారణం ఈ పనంతా మీరొక్కరే మోయడమేమో ఆలోచించండి.

ఇక సామాను. కుర్చీ వెనుక తగిలించిన సంచి, టేబుల్ అంచున పెట్టిన ఫోను దొంగలకు కొంగుబంగారం. ఎవరో వచ్చి చిరునామా రాసిన కాగితమో, విరాళాల జాబితానో మీ టేబుల్ మీద పరిచి ఏదో అడుగుతారు. జవాబు చెప్పేలోపు ఆ కాగితంతోపాటు దాని కింది ఫోను కూడా వెళ్లిపోతుంది. మీ బట్టల మీద ఏదో ఒలికించి, తుడుస్తానంటూ మీదపడి, రెండోవాడు సంచి అందుకునే పద్ధతి కూడా ఉంది. సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని, దాని పట్టీని కుర్చీ కాలికి ఒక చుట్టు చుట్టండి. కార్డుతో డబ్బు కట్టేటప్పుడు యంత్రాన్ని టేబుల్ దగ్గరికి తెప్పించుకోండి, కార్డును కంటికి కనబడకుండా తీసుకుపోనివ్వకండి.

తెల్లకాగితం

నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. ఇంతవరకూ అందరూ ఏం చూడాలో చెప్పారు. చూసిన తరువాత మనిషి ఎందుకు కదలడు అన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న.

1968లో లతానే, డార్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులు ఒక గదిలో కూర్చుని ప్రశ్నాపత్రం నింపుతుంటే, గోడలోని సందు గుండా గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో నూటికి డెబ్భైఐదుగురు లేచి వెళ్లి చెప్పారు. పరిశోధకులు ముందే చెప్పిపెట్టిన మనుషులు ఇద్దరు పక్కన కూర్చుని పొగను పట్టించుకోకుండా రాసుకుంటూ ఉన్నప్పుడు మాత్రం, పదిమందిలో ఒక్కరే లేచారు. మిగతావారు కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగను విసురుకుంటూ, దగ్గుతూ ప్రశ్నాపత్రం నింపుతూనే ఉన్నారు. పొగ వారికి కనబడక కాదు. పక్కవాడు కదలలేదు కాబట్టి ఇది ప్రమాదం కాదేమోనని ప్రతివారూ అనుకున్నారు. భోజనశాల అలాంటి గదే. అక్కడ ఇంకో అడ్డంకి కూడా ఉంటుంది: వడ్డించిన పళ్లెం ముందుంది, బిల్లు కట్టలేదు, పిల్లలు సగమే తిన్నారు, లేచి పోతే పదిమంది మన వంక చూస్తారు. ఈ మొహమాటమే మనిషిని కుర్చీకి కట్టిపడేస్తుంది.

1977 మే 28న కెంటకీ రాష్ట్రంలోని సౌత్‌గేట్‌లో బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్ అనే పెద్ద భోజనశాలలో మంటలు రేగాయి. వాల్టర్ బెయిలీ అనే పద్ధెనిమిదేళ్ల కుర్రవాడు అక్కడ టేబుళ్లు శుభ్రం చేసే పనిలో ఉన్నాడు. ప్రదర్శన జరుగుతున్న హాల్లో వెయ్యిమందికి పైగా ఉన్నారు, వారికి మంటల సంగతి తెలియదు. ఆ కుర్రవాడు నేరుగా వేదిక ఎక్కి మైకు అందుకుని, బయటికి పోయే దారులు ఎటున్నాయో చూపించి, అందరూ నెమ్మదిగా వెళ్లిపోవాలని చెప్పాడు. కొంతమంది అది కూడా ప్రదర్శనలో భాగమనుకుని కూర్చుండిపోయారు. ఆ రాత్రి 165 మంది చనిపోయారు. అతను ఆ మైకు పట్టుకోకపోయి ఉంటే ఎన్ని వందలమంది పోయేవారో. ప్రదర్శన ఆపితే యజమాని ఏమంటాడో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని అతను లెక్క వేసుకుని ఉంటే ఆ నిమిషం దాటిపోయేది.

కాబట్టి భోజనానికి బయలుదేరే ముందే భార్యాభర్తలు ఒక ఒప్పందానికి రండి. ఇద్దరిలో ఏ ఒక్కరికి మనసు కీడు శంకించి ‘వెళ్దాం’ అన్నా, రెండోవారు కారణం అడగకుండా లేవాలి. కారణం బయటికి వెళ్లాక మాట్లాడుకోవచ్చు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ ఉండకపోవచ్చు, అప్పుడు నవ్వుకోవచ్చు కానీ ఎద్దేవా చేసుకోకూడదు. ఒక్కసారి ఎద్దేవా చేస్తే మరుసటిసారి ఆ నోరు పెగలదు.

సరళరేఖ

తెల్లకాగితం గారి మాట నన్ను ఆలోచింపజేసింది. తలుపుల గురించి నేను తీసుకున్న అభ్యంతరంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లలకు మిగిలే జ్ఞాపకం గురించి అన్నమాట మాత్రం అలాగే ఉంచుతాను. ఒక సందేహం. పొగ వస్తే సరే, పక్క టేబుల్ దగ్గర తాగి గొడవపడుతున్నవాళ్లు ఉంటే ఏ దశలో లేవాలి? గొంతు పెరిగిన ప్రతిసారీ లేచిపోలేము కదా.

వంటింటితలుపు

భోజనశాల నడపడంలో చాలాకాలంగా ఉన్నాను, ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలననుకుంటున్నాను. గొంతు పెరగడం ఒక్కటే గుర్తు కాదు. పెద్దగా నవ్వుకునేవాళ్ల గొంతు కూడా పెరుగుతుంది. మేము చూసేది వేరు: మాట ఆగిపోవడం, ఒకే మాటను మళ్లీ మళ్లీ అనడం, కుర్చీ వెనక్కి నెట్టి నిలబడడం, పిడికిళ్లు బిగుసుకోవడం, వాళ్లతో వచ్చినవాళ్లే చేయి పట్టుకుని కూర్చోబెట్టడానికి ప్రయత్నించడం. తనవాళ్లే ఆపుతున్నారంటే ఆ మనిషి సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు భయపడుతున్నారని అర్థం. ఆ దశలోనే పిల్లలను తీసుకుని దూరంగా ఉన్న టేబుల్‌కు మారండి లేదా బయటికి వెళ్లండి. ‘మమ్మల్ని వేరేచోట కూర్చోబెట్టండి’ అని సర్వర్‌తో అంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. మాకు అర్థమవుతుంది, పైగా మేము చూడనిది మీరు చూశారని తెలుస్తుంది. మధ్యలో దూరి సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి, ఫోనుతో వీడియో తీయకండి. గొడవపడేవాడికి ఎదురుగా ఉన్న ఫోను నిప్పులో నెయ్యి.

బిల్లు గురించి బెంగ వద్దు. ప్రాణభయంతో లేచిపోయిన కుటుంబం తరువాత వచ్చి డబ్బు ఇస్తుందన్న నమ్మకం మాకు ఉంటుంది, ఇవ్వకపోయినా ఆ సమయంలో ఎవరూ లెక్కపెట్టరు.

ఆయుధం కనిపించినా, తుపాకీ చప్పుడు వినిపించినా ఆలోచించడానికి ఏమీ లేదు. అమెరికాలో 2012 నుంచి ప్రచారంలో ఉన్న సూత్రం ప్రకారం మొదట పారిపోవాలి, వీలుకాకపోతే దాక్కోవాలి, ఏ దారీ లేనప్పుడే ఎదురు తిరగాలి. బ్రిటన్‌లో మూడోదానికి బదులు పోలీసులకు చెప్పమంటారు. పారిపోవడానికి తలుపే కావాలని లేదు. 1991లో టెక్సస్‌లోని కిలీన్‌లో ఒక భోజనశాలలో కాల్పులు జరిగినప్పుడు, ఒకాయన వెనుక వైపు పెద్ద కిటికీ అద్దాన్ని తన ఒంటితోనే పగలగొట్టాడు; ఎంతోమంది ఆ సందు గుండా బయటపడి బతికారు. అందుకే తలుపులతో పాటు కిటికీలను కూడా ఒకసారి చూసుకోవాలని మా దగ్గర పనిచేసేవాళ్లకు చెబుతాను.

ఒంటరిగా వచ్చిన అమ్మాయిని ఎవరైనా వేధిస్తుంటే ఆమె చెప్పుకోలేకపోవచ్చు. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో 2016లో ఒక పద్ధతి మొదలుపెట్టారు: కౌంటర్ దగ్గరికి వెళ్లి ‘ఏంజెలా ఉందా?’ అని అడిగితే, సిబ్బంది విషయం గ్రహించి ఆమెను సురక్షితంగా పంపించే ఏర్పాటు చేస్తారు. మీకు అలాంటి పద్ధతి లేనిచోట కూడా, మీ ఎదుగుతున్న పిల్లలకు సిబ్బంది దగ్గరికి నేరుగా వెళ్లి ‘నాకు సాయం కావాలి’ అని అడగడం నేర్పండి.

చిన్నక్క

పిల్లల గురించి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. పిల్లలు బిక్కచచ్చిపోయేది పెద్దవాళ్ల ముఖంలో ఆందోళన చూసి, కారణం తెలియక. వాళ్లకు ఏదో ఒక పని అప్పగిస్తే ఆ భయం ఉండదు. తొమ్మిదేళ్ల బాబుతో ‘బయటికి పోవడానికి ఎన్ని దారులున్నాయో కనిపెట్టి చెప్పు’ అనండి. వాడు మీకంటే ముందే చెబుతాడు, ఆ తరువాత మీరు చుట్టూ చూడాల్సిన పనే ఉండదు. నాలుగేళ్ల పాపకు నేర్పాల్సింది ఒకటే: అమ్మ కనబడకపోతే ఎక్కడున్నావో అక్కడే నిలబడి గట్టిగా పిలువు. వెతుక్కుంటూ తిరగకు. అమ్మ పేరు పెట్టి పిలవడం నేర్పండి, ఎందుకంటే హాలు నిండా ‘అమ్మా’ అని పిలిచే పిల్లలే ఉంటారు. బయలుదేరే ముందు పిల్లలకు ఆ రోజు వేసిన బట్టలతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. బిడ్డ తప్పిపోయిన తల్లికి, వేసుకున్న బట్టల రంగు అడిగితే నోట మాట రాదు.

వాష్‌రూముకు పిల్లలను ఒంటరిగా పంపకండి. ‘ఇప్పుడే వస్తాను’ అని భర్త, ‘నువ్వు చూస్తున్నావనుకున్నాను’ అని భార్య అనుకునే ఆ నిమిషంలోనే పిల్లలు కనబడకుండా పోతారు. చూపు అప్పగించేటప్పుడు నోటితో చెప్పి అప్పగించండి: ‘పాపను నువ్వు చూడు’ అని ఒకరు, ‘చూస్తున్నాను’ అని ఇంకొకరు.

తెల్లకాగితం

చిన్నక్క గారు చెప్పిన నోటిమాట పద్ధతికి బలమైన ఆధారం ఉంది. 1999లో సైమన్స్, షాబ్రీ చేసిన ప్రయోగంలో, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెడుతూ వీడియో చూసినవారిలో దాదాపు సగం మందికి, గొరిల్లా వేషం వేసుకుని మధ్యలోంచి నడిచి వెళ్లిన మనిషి అసలు కనబడలేదు. మెనూ చదువుతున్న తల్లికి పాప కుర్చీ దిగడం కనబడకపోతే అది నిర్లక్ష్యం కాదు, మనసు పనిచేసే తీరు. కాబట్టి మెనూ చదివేటప్పుడు, డబ్బు కట్టేటప్పుడు, ఫోను ఎత్తేటప్పుడు రెండోవారికి చెప్పి మరీ చూపు దించండి. ఆత్మరక్షణ బోధించేవారు అమెరికన్ సైనికాధికారి జెఫ్ కూపర్ చెప్పిన తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు అనే నాలుగు మెలకువ స్థితులను వల్లిస్తూ ఎప్పుడూ పసుపులో, అంటే నిమ్మళంగానే ఉంటూ మెలకువగా ఉండమంటారు. మంచి మాటే కానీ అది ఒంటరి మనిషిని ఉద్దేశించి చెప్పింది. కుటుంబంలో ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండాల్సిన పని లేదు, ఇద్దరూ ఒకేసారి ఏమరుపాటులో పడకుండా ఉంటే చాలు.

నడకదారి

కారు దగ్గరి విషయం ఎవరూ చెప్పలేదు. కడుపు నిండి, మగతగా, పిల్లలు నిద్రతో తూగుతూ ఉన్నప్పుడు పార్కింగులో నడుస్తాం కాబట్టి ఏమరుపాటు అక్కడే ఎక్కువ. ఫోను జేబులో, తాళంచెవి చేతిలో ఉండాలి. పిల్లలను సీట్లలో కట్టే వారి వీపు బయటికి ఉంటుంది కాబట్టి రెండోవారు అంతవరకూ నిలబడి చూడాలి. కారెక్కగానే తలుపులు లాక్ చేసి కదలాలి. బిల్లు సరిచూసుకోవడం, సందేశాలు చదవడం ఇంటికి వెళ్లాక చేసుకోవచ్చు.

వెన్నెలదారి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ ధన్యవాదాలు. చివరిగా మూడోమెట్టు గారిని ఒకటి అడగాలని ఉంది. నిజంగానే పొగ వస్తే అత్తగారిని, ఇద్దరు పిల్లలను మేమిద్దరం ఎలా బయటికి తీసుకురావాలి? ఎవరు ఎవరిని పట్టుకోవాలి?

మూడోమెట్టు

అమ్మా, అది అక్కడ నిర్ణయించుకునే విషయం కాదు, ఇంట్లోనే అనుకుని వెళ్లాలి. మీవారికి బలం ఎక్కువైతే అత్తగారు ఆయన బాధ్యత. ఆమె నడవగలిగితే నడిపించడం, లేకపోతే ఎత్తుకోవడం, అదీ కుదరకపోతే చంకల కింద చేతులు వేసి వెనక్కి లాక్కుంటూ రావడం. పాపను మీరు ఎత్తుకుని, బాబు చేతిని గట్టిగా పట్టుకోండి. మీరు పిల్లలతో ముందు వెళ్లాలి, ఆయన కోసం ఆగకూడదు. ఈ మాట వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ మీరు ఆగితే ఆయన దృష్టి మీ మీదికి మళ్లుతుంది, వెనుక వచ్చేవారికి దారి కూడా మూసుకుపోతుంది. పొగ ముందు పైకప్పు దగ్గర పేరుకుంటుంది కాబట్టి తల వంచుకుని వెళ్లండి, దట్టంగా ఉంటే పాకండి. లిఫ్టు ఎక్కకండి. సంచి, చెప్పులు, పుట్టినరోజు కానుకలు ఏవీ తీసుకోకండి. దేనికోసమూ మళ్లీ లోపలికి వెళ్లకండి.

బయట కలుసుకునే చోటు ఒకటి ముందే అనుకోండి. తలుపు ఎదురుగా వద్దు, కారు దగ్గర కూడా వద్దు, ఎందుకంటే మా బండ్లు నిలిపేది, గొట్టాలు పరిచేది అక్కడే. రోడ్డుకు అవతల ఉన్న ఏదైనా స్తంభమో చెట్టో చూపించి, బాబుకు కూడా అదే చెప్పి ఉంచండి. మీరు అక్కడికి చేరాక ఎవరైనా తక్కువైతే, వచ్చిన అగ్నిమాపక సిబ్బందిలో మొదట కనిపించినవారిని పట్టుకుని, లోపల ఎవరు మిగిలారో, వారు ఏ వైపు ఏ టేబుల్ దగ్గర కూర్చున్నారో, నడవగలరో లేదో చెప్పండి. పొగలో మాకు ఏమీ కనబడదు. మీరు చెప్పిన ఆ వైపుకే మేము మొదట వెళ్తాం.